అట్టడుగు నుంచి కప్పు దాకా... మళ్లీ అట్టడుగుకు

ఇండియన్ సూపర్ లీగ్ 2019-20 సీజన్ ముగిసేసరికి పట్టికలో హైదరాబాద్ ఎఫ్‌సీది ఆఖరి స్థానం. ఆడినవి 18 మ్యాచ్‌లు. గెలిచినవి రెండు, డ్రా అయినవి నాలుగు, ఓడినవి 12. మొత్తం పది పాయింట్లు. రెండేళ్లు తిరిగాక, 2022 మార్చి 20న, అదే క్లబ్బు గోవాలోని ఫతోర్డా స్టేడియంలో లీగ్ కప్పు అందుకుంది. ఇంకో రెండేళ్లకు మళ్లీ ఆఖరి స్థానానికి చేరింది, ఈసారి ఎనిమిది పాయింట్లతో. ఇంత తక్కువ కాలంలో ఇంత ఎత్తూ ఇంత లోతూ చూసిన క్లబ్బు భారత ఫుట్‌బాల్‌లో మరొకటి దొరకడం కష్టం. ఈ ఎత్తుపల్లాల్లో మైదానంలో తేలినదాని కంటే, సీజన్‌కూ సీజన్‌కూ మధ్య ఉండే ఖాళీ నెలల్లో తేలిందే ఎక్కువ. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరిని తెచ్చుకోవాలి, వాళ్లకు జీతాలు ఎక్కణ్నుంచి రావాలి అనే లెక్కలన్నీ ఆ నెలల్లోనే జరుగుతాయి.

జట్టును తిరిగి కట్టుకోవడం అంటే కొత్తవాళ్లను కొనడమేనని చాలామంది అనుకుంటారు. అది పనిలో ఒక భాగమే. ఆటగాడికీ క్లబ్బుకూ మధ్య ఉండేది గడువున్న కాంట్రాక్టు. గడువు మిగిలి ఉండగా ఆటగాణ్ని తీసుకోవాలంటే పాత క్లబ్బుకు బదిలీ రుసుము కట్టాలి. గడువు తీరితే రుసుము అక్కర్లేదు, ఆటగాడు తనకు నచ్చిన చోటికి పోవచ్చు. గడువు ఇంకో ఆరు నెలల్లో తీరుతుందనగానే వేరే క్లబ్బుతో ముందస్తు ఒప్పందం చేసుకునే హక్కు కూడా అతనికి వస్తుంది. మన దేశంలో బదిలీ రుసుములు చెల్లించే అలవాటు తక్కువ. ఎక్కువ మంది గడువు తీరాకే చేతులు మారతారు. కాబట్టి ఎవరి కాంట్రాక్టు ఏ ఏడాది ముగుస్తుందన్న పట్టిక దగ్గర పెట్టుకుని, మంచి కుర్రాళ్లతో గడువు తీరకముందే పొడిగింపు సంతకాలు చేయించుకునే క్లబ్బుదే పైచేయి.

దీనికి విదేశీ ఆటగాళ్ల నిబంధన తోడవుతుంది. 2020-21లో ఒక్కో జట్టు ఏడుగురు విదేశీయుల దాకా తీసుకుని, మైదానంలో ఒకేసారి ఐదుగురిని ఆడించే వీలుండేది. 2021-22 నుంచి జట్టులో ఆరుగురికి, మైదానంలో నలుగురికి తగ్గించారు. అప్పట్లో విదేశీయుల్లో ఒకరు ఆసియా సమాఖ్య దేశాల నుంచి రావాల్సి ఉండేది. చూడటానికి ఇది చిన్న సవరణే. కానీ పదకొండు మందిలో భారతీయులు ఆరుగురు ఉండాల్సిన చోట ఏడుగురు ఉండాల్సి వచ్చేసరికి, దేశీయ ఆటగాళ్లను ముందే పోగేసుకున్న క్లబ్బుల విలువ ఒక్కసారిగా పెరిగింది. హైదరాబాద్ కథ మలుపు తిరిగింది ఇక్కడే.

హడావిడి జట్టు

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టుకే ఆలస్యంగా జరిగింది. పుణె సిటీ క్లబ్బు మూతపడటంతో లీగ్‌లో ఖాళీ అయిన చోటును 2019 ఆగస్టు చివర్లో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దక్కించుకున్నారు. వరుణ్ అంతకుముందు కేరళ బ్లాస్టర్స్‌కు సీఈఓగా పనిచేసినవాడు. కొన్నాళ్లకు నటుడు రానా దగ్గుబాటి కూడా సహయజమానిగా చేరాడు. లీగ్ మొదలవడానికి అప్పటికి రెండు నెలలైనా లేదు. మిగతా క్లబ్బులు వేసవి ఆరంభంలోనే తమకు కావాల్సిన వాళ్లను తీసేసుకున్నాయి. దాంతో పుణె నుంచి విడుదలైన వాళ్లే కొత్త జట్టుకు ఆధారమయ్యారు. బ్రెజిల్ ఫార్వర్డ్ మార్సెలినో, డిఫెండర్ ఆదిల్ ఖాన్, గోల్‌కీపర్ కమల్‌జీత్ సింగ్, వింగర్ నిఖిల్ పూజారి అలా వచ్చినవాళ్లే. పుణెకు చివరి రోజుల్లో కోచ్‌గా ఉన్న ఇంగ్లండ్‌వాడు ఫిల్ బ్రౌన్ కూడా వాళ్లతోపాటే వచ్చాడు.

2019 అక్టోబరు 25న కోల్‌కతాలో ఆడిన తొలి మ్యాచ్‌లోనే ఏటీకే చేతిలో 0-5తో ఓడింది. నవంబరు 2న గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియంలో, సొంత ప్రేక్షకుల ముందు కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించడం ఆ ఏడాది మిగిలిన మంచి జ్ఞాపకాల్లో ఒకటి. తర్వాత గాయాలు, సస్పెన్షన్లు, వరుస ఓటములు. 18 మ్యాచ్‌ల్లో ప్రత్యర్థులకు 39 గోల్స్ ఇచ్చుకున్న రక్షణ పంక్తితో ఏ కోచ్ అయినా చేయగలిగింది తక్కువే. 2020 జనవరిలో బ్రౌన్‌ను తప్పించారు.

ఆ జనవరిలోనే ఎవరూ పెద్దగా గమనించని పని ఒకటి జరిగింది. సీజన్ పోయినట్టేనని తేలాక, మిగిలిన మ్యాచ్‌లను గట్టెక్కించడానికి వయసు మళ్లిన విదేశీయుల్ని తెచ్చుకోవడం మామూలుగా క్లబ్బులు చేసే పని. హైదరాబాద్ ఆ మధ్యంతర విండోలో భారతీయుల్ని తెచ్చుకుంది. గోవాలో అవకాశాలు రాక బెంచీకే పరిమితమైన లిస్టన్ కొలాకో, మిడ్‌ఫీల్డర్లు సౌవిక్ చక్రవర్తి, హితేశ్ శర్మ వచ్చారు. ఆఖరి మ్యాచ్‌లో గువాహటిలో నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌ను 5-1తో చిత్తుచేసినప్పుడు లిస్టన్ మెరిశాడు. పట్టికలో స్థానం మారలేదు కానీ, తర్వాతి ఏడాది ఏం చేయాలో ఆ మ్యాచ్ చూపించింది.

చౌకగా దొరికిన చోట్ల వెతుకులాట

కొత్త కోచ్‌గా ఖరారైన స్పెయిన్‌వాడు ఆల్బర్ట్ రోకా, సీజన్ మొదలుకాకుండానే బార్సిలోనా సహాయక సిబ్బందిలో చేరిపోయాడు. అతని స్థానంలో 2020 ఆగస్టు చివర్లో మనోలో మార్కెజ్ వచ్చాడు. స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్‌లో లాస్ పాల్మాస్‌కు కొద్దికాలం కోచ్‌గా చేసినవాడు. అతనికి తోడుగా మణిపూర్‌కు చెందిన తాంగ్‌బోయ్ సింగ్టోను సహాయకుడిగా తీసుకున్నారు. కుర్రాళ్లను వెతికి పట్టుకోవడంలో సింగ్టోకు దేశవ్యాప్తంగా పేరుంది. విదేశీ కోచ్‌కు భారతీయ కుర్రాళ్ల ఆనుపానులు తెలియవు. ఎవరు ఏ అకాడమీలో పెరిగారో, ఎవరు ఎక్కడ బెంచీమీద మగ్గిపోతున్నారో తెలిసిన మనిషి పక్కన ఉండటం వల్ల ఆ లోటు తీరింది.

అంతకుముందు ఏడాది విదేశీయుల్ని దాదాపు మొత్తంగా మార్చేశారు. ఒడిశా ఎఫ్‌సీ నుంచి స్ట్రైకర్ అరిడానె సంతానా, గ్రీస్ నుంచి బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జువావ్ విక్టర్, స్పెయిన్ నుంచి డిఫెండర్ ఓడెయ్ ఒనాయిందియా, సైప్రస్ నుంచి మిడ్‌ఫీల్డర్ లూయిస్ సాస్త్రె, ఆస్ట్రేలియా నుంచి జోయెల్ కియానీజ్ వచ్చారు. ఇందులో కియానీజ్ ఎంపిక తెలివైనది. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆసియా సమాఖ్య కిందికే వస్తుంది కాబట్టి, ఆసియా ఆటగాడి నిబంధన అతనితో తీరిపోయింది. అప్పట్లో చాలా క్లబ్బులు ఆ చోటును మొక్కుబడిగా నింపేవి. హైదరాబాద్ మాత్రం నిజంగా ఆడించదగ్గవాణ్ని వెతుక్కుంది.

అసలు పెట్టుబడి మాత్రం భారతీయుల మీదే పెట్టారు. అప్పట్లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇండియన్ ఆరోస్ పేరుతో ఒక యువ జట్టును నడిపేది. విదేశీయులు లేని ఆ జట్టులో కుర్రాళ్లు, దేశంలోని మరో లీగ్ అయిన ఐ-లీగ్‌లో పెద్దవాళ్లతో పోటీపడుతూ సీజన్లకు సీజన్లు ఆడేవారు. ఓటములు ఎక్కువే, కానీ ఆట నిమిషాలకు కొదవ లేదు. సిక్కింకు చెందిన రైట్ బ్యాక్ ఆశిష్ రాయ్‌ని హైదరాబాద్ తొలి ఏడాదే అక్కణ్నుంచి తెచ్చుకుంది. 2020లో ఉత్తరప్రదేశ్ కుర్రాడు ఆకాశ్ మిశ్రాను లెఫ్ట్ బ్యాక్ స్థానానికి, రోహిత్ దానూను దాడికి తీసుకుంది. సీజన్ మొదలయ్యేనాటికి ఆకాశ్‌కు 19 ఏళ్లు నిండుతున్నాయంతే.

రెండు వైపులా కుర్ర బ్యాక్‌లను పెట్టుకోవడం వెనక ఒక లెక్క ఉంది. విదేశీ స్థానాలు పరిమితం కాబట్టి ఏ క్లబ్బయినా వాటిని మైదానం నడిమధ్య వాడుకుంటుంది: ఒక సెంటర్ బ్యాక్, ఒకరిద్దరు మిడ్‌ఫీల్డర్లు, ఒక స్ట్రైకర్. ఇక అంచులూ, గోల్ ముంగిలీ భారతీయులవే. అంటే అన్ని క్లబ్బుల విదేశీయులూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నప్పుడు, మ్యాచ్‌లు తేలేది ఈ అంచుల దగ్గర ఎవరి భారతీయులు మెరుగన్న దాని మీదే. తొంభై నిమిషాలూ పైకీ కిందికీ పరుగెత్తగల ఇద్దరు కుర్రాళ్లు దొరికితే, వాళ్ల జీతం ఒక మామూలు విదేశీయుడి జీతం ముందు చిన్నదే. హైదరాబాద్ ఆ తేడాను పట్టుకుంది.

కుర్రాళ్లతోనే నింపేయకుండా, మధ్యలో అనుభవజ్ఞుల్నీ కూర్చారు. గోవా నుంచి మణిపూర్ సెంటర్ బ్యాక్ చింగ్లెన్‌సనా సింగ్, కేరళ నుంచి అస్సాం వింగర్ హాలిచరణ్ నర్జారీ, జంషెడ్‌పుర్ నుంచి భారత మాజీ నంబర్ వన్ గోల్‌కీపర్ సుబ్రత పాల్ వచ్చారు. మొదటి ఏడాది నుంచీ ఉన్న గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి, మహమ్మద్ యాసిర్, నిఖిల్ పూజారి, సాహిల్ తావోరా కొనసాగారు. పది పాయింట్లు తెచ్చిన జట్టు నుంచి ఇంతమందిని ఉంచుకోవడానికి కొంత ధైర్యం కావాలి. ఆఖరి స్థానంలో నిలిచిన క్లబ్బు మీద అభిమానుల ఒత్తిడి అందర్నీ మార్చమనే ఉంటుంది.

బుడగలో పరీక్ష

కరోనా కారణంగా 2020-21 సీజన్ మొత్తం గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగింది. హోటల్, సాధన మైదానం, స్టేడియం తప్ప ఆటగాళ్లు ఎక్కడికీ కదలడానికి వీల్లేని నెలలవి. ఆ ఏర్పాటునే బుడగ అన్నారు. సొంత మైదానంలో ఆడే అనుకూలత ఎవరికీ లేదు, ప్రయాణాల అలసట కూడా లేదు. కొత్తగా కలిసిన జట్టుకు ఒకచోటే ఉండి అలవాటుపడటానికి ఇంతకంటే మంచి వీలు దొరకదు. ఈ సంగతి అప్పట్లో ఎక్కువగా చర్చకు రాలేదు కానీ, హైదరాబాద్‌కు బుడగ కలిసొచ్చిందనే చెప్పాలి.

తొలి మ్యాచ్‌లో అరిడానె పెనాల్టీ గోల్‌తో ఒడిశాను 1-0తో ఓడించింది. ఆ తర్వాత విదేశీయులు ఒకరి వెంట ఒకరు గాయపడ్డారు. ఐదుగురు విదేశీయుల్ని ఆడించే వీలున్నా, మార్కెజ్ కొన్ని మ్యాచ్‌ల్లో నలుగురితో, కొన్నిసార్లు అంతకంటే తక్కువ మందితో బరిలో దిగాడు. మిగతా కోచ్‌లు ఫిర్యాదులు చేసే పరిస్థితి అది. అతను మాత్రం ఆ ఖాళీల్లో భారత కుర్రాళ్లనే ఆడిస్తూ పోయాడు. లిస్టన్ ఎడమ అంచు నుంచి లోపలికి దూసుకొచ్చి కొట్టే షాట్లు అప్పుడే దేశమంతా చూసింది.

20 మ్యాచ్‌ల్లో ఆరు గెలుపులు, 11 డ్రాలు, మూడే ఓటములు. 29 పాయింట్లతో ఐదో స్థానం. ఆఖరి మ్యాచ్‌లో గోవాను ఓడించి ఉంటే సెమీస్‌కు వెళ్లేది. అది 0-0 డ్రా కావడంతో ఆ స్థానం గోవాకు పోయింది. పది పాయింట్ల నుంచి 29కి చేరినా, 11 డ్రాలన్న అంకె జట్టులో ఏం తక్కువైందో చెబుతోంది. ఓటమిని ఆపడం నేర్చుకున్న జట్టుకు గెలుపు గోల్ కొట్టే మనిషి సరిపోలేదు. అరిడానె పది గోల్స్ చేశాడు, కానీ అతని వెనక అంత నమ్మకంగా గోల్స్ కొట్టేవాళ్లు లేరు.

ఆ మార్చిలో దుబాయ్‌లో జరిగిన భారత జట్టు స్నేహపూర్వక మ్యాచ్‌లకు ఆకాశ్, చింగ్లెన్‌సనా, లిస్టన్, యాసిర్‌లకు పిలుపొచ్చింది. ఏడాది కిందట లీగ్‌లో అట్టడుగున ఉన్న క్లబ్బుకు అది చిన్న గౌరవం కాదు. కానీ జాతీయ జట్టులోకి వెళ్లిన ఆటగాడి వెంట పెద్ద క్లబ్బుల కళ్లూ పడతాయి.

ఒకరిని అమ్మి, ఒకరిని తెచ్చి

2021 ఏప్రిల్‌లో లిస్టన్‌ను ఏటీకే మోహన్ బగాన్ రుసుము చెల్లించి తీసుకెళ్లింది. భారతీయ ఆటగాడికి ఓ క్లబ్బు చెల్లించిన అతిపెద్ద మొత్తాల్లో అదొకటని అప్పట్లో చెప్పుకున్నారు. గడువు తీరాక ఉచితంగా పోగొట్టుకోకుండా, కాంట్రాక్టు ఉండగానే అమ్మడం సరైన నిర్ణయమే. అరిడానె, సాస్త్రె, ఓడెయ్ కూడా వెళ్లిపోయారు. ఐదో స్థానం తెచ్చిన జట్టు నుంచి ఒకేసారి నలుగురు ముఖ్యులు తప్పుకుంటే మళ్లీ మొదటికొస్తుందన్న అనుమానం సహజం. అలా జరగలేదు, ఎందుకంటే రెండు బ్యాక్‌లు, సెంటర్ బ్యాక్, మిడ్‌ఫీల్డ్ జంట, గోల్‌కీపర్లు అలాగే ఉన్నారు. వెళ్లిపోయిన వాళ్ల స్థానాలు నాలుగే. వాటిని నింపడానికి ఒక వేసవి చాలింది.

గోల్స్ కోసం నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఒగ్బెచెను ముంబయి సిటీ నుంచి తెచ్చారు. సీజన్ ఆరంభానికల్లా అతనికి 37 ఏళ్లు. ఇంత వయసువాడి మీద నమ్మకం పెట్టుకోవడం ఏ క్లబ్బుకైనా జూదమే. కానీ పరుగెత్తే పని కుర్రాళ్లు చేస్తున్నప్పుడు, గోల్ ముందు సరైన చోట నిలబడే పనికి వయసు అడ్డు కాదని అతను నిరూపించాడు. 18 గోల్స్‌తో ఆ సీజన్ గోల్డెన్ బూట్ అందుకున్నాడు, లీగ్ చరిత్రలో అత్యధిక గోల్స్ రికార్డునూ తన పేరిట రాసుకున్నాడు. రక్షణకు బెంగళూరు నుంచి వచ్చిన స్పెయిన్‌వాడు హువానన్ చింగ్లెన్‌సనాకు జోడీ అయ్యాడు. ఎడూ గార్సియా, హావియర్ సివేరియో దాడికి వచ్చారు. జువావ్ విక్టర్, కియానీజ్ ఎలాగూ ఉన్నారు. ఆరుగురు విదేశీయుల లెక్క అక్కడితో సరి. ఎడూ సీజన్ మధ్యలో వెళ్లిపోతే ఖస్సా కమారా అతని చోటుకు వచ్చాడు. భారతీయుల్లో జంషెడ్‌పుర్ నుంచి అనికేత్ జాధవ్ చేరాడు.

విదేశీయులు మైదానంలో నలుగురికి తగ్గిన ఏడాది అది. మిగతా కోచ్‌లు ఏడో భారతీయుడి కోసం తడుముకుంటుంటే, హైదరాబాద్ ముందటేడే ఆ లెక్కలో ఆడి అలవాటుపడింది. లీగ్ దశలో 38 పాయింట్లతో జంషెడ్‌పుర్ వెనక రెండో స్థానం. సెమీస్‌లో తమ లిస్టన్‌ను తీసుకెళ్లిన ఏటీకే మోహన్ బగానే ఎదురైంది. తొలి మ్యాచ్‌లో 3-1తో గెలిచి, రెండో మ్యాచ్‌లో 0-1తో ఓడి, మొత్తం మీద 3-2తో ఫైనల్ చేరింది.

ఫైనల్‌కు ప్రేక్షకుల్ని అనుమతించారు. ఇరు జట్లదీ పసుపు రంగే కావడంతో కేరళ బ్లాస్టర్స్ నలుపులో దిగాల్సొచ్చింది, స్టాండ్లలో మాత్రం పసుపు పూర్తిగా వాళ్లదే. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. ఆట ముగియడానికి రెండు నిమిషాలుండగా, బెంచీ నుంచి వచ్చిన సాహిల్ తావోరా బంతి నేల తాకకుండానే దూరం నుంచి కొట్టిన షాట్‌తో స్కోరు సమమైంది. అదనపు సమయంలోనూ 1-1. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు, హైదరాబాద్ 3-1తో గెలిచింది. తావోరా, కట్టిమణి ఇద్దరూ 2019 నాటి పది పాయింట్ల జట్టువాళ్లే. జట్టును కొత్తగా కట్టేటప్పుడు ఎవర్ని ఉంచుకున్నారన్నది ఎందుకు ముఖ్యమో ఆ రాత్రి తేలిపోయింది.

ఫైనల్ ఆడిన వాళ్లలో తెలుగువాడు ఒక్కడూ లేడు. సిక్కిం, మణిపూర్, గోవా, బెంగాల్, అస్సాం, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు హైదరాబాద్ పేరు మోశారు. క్లబ్బును తప్పుబట్టే విషయం కాదది, ఆడటానికి సిద్ధంగా ఉన్న స్థానిక ఆటగాళ్లే అప్పటికి లేరు. ఒకప్పుడు ఇదే నగరం దేశానికి ఫుట్‌బాలర్లను పంపింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్లకు కోచ్ రహీమే. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడాడు. ఆ రోజుల్లో పోలీస్ జట్టు ఆటగాళ్లను పట్టి ఉంచింది కాంట్రాక్టుతో కాదు, సర్కారీ ఉద్యోగంతో. ఆట అయిపోయాక కూడా నెల తిరిగేసరికి జీతం వస్తుందన్న భరోసా ఒక్కటీ వాళ్లను ఊరు దాటనీయలేదు. అయినా కలకత్తా క్లబ్బులు పిలిచినప్పుడు బలరాం, తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్, నయీముద్దీన్ లాంటివాళ్లు వెళ్లిపోయారు. రహీం 1963లో మరణించాక నగరంలో ఆ వ్యవస్థను అదే పట్టుతో నడిపినవాళ్లు కరవయ్యారు.

జీతం ఆగితే జట్టు ఆగదు

2022-23లో హైదరాబాద్ తన సొంత మైదానానికి తిరిగొచ్చింది. ఆశిష్ రాయ్‌ని మోహన్ బగాన్ తీసుకెళ్లినా, హువానన్ వెళ్లి ఓడెయ్ తిరిగొచ్చినా జట్టు నిలకడ తగ్గలేదు. 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం, ముంబయి సిటీ తర్వాత. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ గోల్ లేకుండా ముగిసి, పెనాల్టీల్లో ఓడింది. పాయింట్ల పరంగా క్లబ్బు అత్యుత్తమ సీజన్ ఇదే. కప్పు వచ్చింది ముందటేడు కాబట్టి దీన్ని ఎక్కువమంది గుర్తుపెట్టుకోలేదు.

పైకి కనిపించే ఫలితాలు బాగున్నా, లోపల డబ్బు నిండుకుంది. మార్కెజ్ 2023 వేసవిలో గోవాకు వెళ్లిపోయాడు. ఒగ్బెచె, సివేరియో, హాలిచరణ్, రోహిత్ దానూ, ఆకాశ్ మిశ్రా, ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. ఆకాశ్ ముంబయికి, హాలిచరణ్, దానూ బెంగళూరుకు, సివేరియో ఈస్ట్ బెంగాల్‌కు చేరారు. సహాయకుడిగా ఉన్న సింగ్టో చేతికి పగ్గాలొచ్చాయి. కోస్టారికా నుంచి జొనాథన్ మోయా, ఫిన్లాండ్ నుంచి పెట్టెరి పెన్నానెన్, మెక్సికో నుంచి ఒస్వాల్దో అలనిస్ లాంటి కొత్త విదేశీయులు వచ్చారు. కాగితం మీద జట్టు పర్వాలేదు.

జీతాలు సమయానికి రాకపోవడం మొదలైంది. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య (ఫిఫా) నిబంధన ప్రకారం, కనీసం రెండు నెలల జీతం బకాయి పడితే ఆటగాడు 15 రోజుల గడువుతో లిఖితపూర్వకంగా నోటీసిచ్చి, అప్పటికీ చెల్లించకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు. పోయిన ఆటగాడికి క్లబ్బు పరిహారం బాకీ పడుతుంది, బదిలీ రుసుము రాదు. బకాయిలపై తీర్పులు అమలు చేయని క్లబ్బుకు కొత్త ఆటగాళ్ల నమోదును ఫిఫా నిలిపేస్తుంది. అంటే ఉన్నవాళ్లు పోవచ్చు, కొత్తవాళ్లు రావడానికి వీల్లేదు. హైదరాబాద్ సరిగ్గా ఈ ఉచ్చులో పడింది. 2024 జనవరి విండో దాటేసరికి విదేశీయుల్లో కెప్టెన్ జువావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి బెంగళూరుకు, యాసిర్ గోవాకు వెళ్లారు. కప్పు గెలిచిన జట్టు విలువలో చాలా భాగం అలా ఇతర క్లబ్బుల పాలైంది.

మిగిలింది ఎక్కువగా కుర్రాళ్లే. అబ్దుల్ రబీ, మకన్ చోతె, అలెక్స్ సజి లాంటివాళ్లతో, ఒక్క విదేశీయుడితో సింగ్టో సీజన్ రెండో సగం నెట్టుకొచ్చాడు. ఎదుటి జట్లు ఆరుగురు విదేశీయులతో వస్తుంటే ఇక్కడ చాలామందికి లీగ్ అనుభవమే కొత్త. 22 మ్యాచ్‌ల్లో ఒకటే గెలుపు, అది 2024 మార్చిలో చెన్నైయిన్ మీద. ఐదు డ్రాలు, 16 ఓటములు. ఎనిమిది పాయింట్లు. అయినా ఆ కుర్రాళ్లు చివరి మ్యాచ్ వరకూ బరిలో దిగడం ఆ ఏడాది చెప్పుకోదగ్గ విషయం. వాళ్లలో కొందరికి ఆ చేదు సీజనే ఉద్యోగానుభవ పత్రంగా పనికొచ్చింది.

మూడో కూర్పు, మూడో నగరం

2024 వేసవి గడిచిపోతుండగా బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్బును తీసుకుంది. లీగ్ సెప్టెంబరులో మొదలైంది. 2019లో లాగే మళ్లీ చివరి నిమిషంలో జట్టు కూర్చాల్సి వచ్చింది. బ్రెజిల్ నుంచి అలన్ పాలిస్టా, ఆండ్రె ఆల్బా, సెర్బియా డిఫెండర్ స్టెఫాన్ సాపిచ్, సై గొడార్డ్ లాంటివాళ్లను తెచ్చారు. భారతీయుల్లో పరాగ్ శ్రీవాస్, అర్ష్‌దీప్ సింగ్ వచ్చారు. అప్పటికి మంచి భారతీయ ఆటగాళ్లంతా ఎక్కడో ఒకచోట సంతకాలు చేసేశారు. డబ్బు వచ్చినా, కొనడానికి సరుకు అయిపోయిన సమయమది. 2020లో హైదరాబాద్‌ను నిలబెట్టినవి ఓర్పు, వ్యవధి. 2024లో ఆ రెండూ లేవు.

అక్టోబరులో కోల్‌కతాలో మహమ్మడన్ స్పోర్టింగ్ మీద 4-0తో గెలిచినప్పుడు కాసేపు ఆశలు చిగురించాయి. డిసెంబరులో సింగ్టో వెళ్లిపోవడంతో రిజర్వు జట్టు కోచ్ షమీల్ చెంబకత్ బాధ్యత తీసుకున్నాడు. 24 మ్యాచ్‌ల్లో 18 పాయింట్లు, 13 జట్లలో 12వ స్థానం. జీతాల గొడవ లేకుండా ఒక సీజన్ గడవడమే అప్పటికి లాభం అనుకోవాల్సిన స్థితి.

2025 అక్టోబరులో యాజమాన్యం క్లబ్బును ఢిల్లీకి తరలించి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది. భారత లీగ్‌లో ఇలాంటి వలసలు కొత్త కాదు. ఢిల్లీ డైనమోస్ 2019లో భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీగా మారింది. హైదరాబాద్ క్లబ్బే పుణె వదిలిన చోటులో పుట్టింది. లీగ్‌లో స్థానం యజమానికి చెందుతుంది, ఊరికి చెందదు. కాబట్టి అది ఎక్కడ లాభదాయకం అనిపిస్తే అక్కడికి పోతుంది. తొలి ఏడాది పుణె ఆటగాళ్లు హైదరాబాద్ పేరుతో ఎలా ఆడారో, తరలింపు తర్వాత కొందరు హైదరాబాద్ ఆటగాళ్లు ఢిల్లీ పేరుతో అలా ఆడారు.

2020 నాటి జట్టు ఇప్పుడు దేశమంతా చెదిరి ఉంది. ఆశిష్ రాయ్, లిస్టన్ మోహన్ బగాన్ తరఫున లీగ్ టైటిళ్లు గెలిచారు. మార్కెజ్ 2024 జులై నుంచి ఏడాదిపాటు భారత జట్టు కోచ్‌గా కూడా పనిచేశాడు. తెలుగు నేల మీద ఇప్పుడు జాతీయ స్థాయిలో ఆడుతున్న పేరున్న క్లబ్బు శ్రీనిధి డెక్కన్. 2021-22లో ఐ-లీగ్‌లో చేరి, 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. అప్పట్లో ఐ-లీగ్ గెలిస్తేనే సూపర్ లీగ్‌లోకి దారి. రెండుసార్లూ ఆ దారి మొదట పంజాబ్‌కు, తర్వాత మహమ్మడన్‌కు తెరుచుకుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయేసరికి సూపర్ లీగ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్క క్లబ్బూ మిగల్లేదు.